తాళంచెవితో పాటు

రామ్మా రోజ్‌లీనూ, కాసేపు కూర్చో, ఆయాసం తీరనీ.
నూట పద్దెనిమిది మెట్లు. నేనూ మొదటిరోజు
డెబ్బయ్యో మెట్టు దగ్గరే ఓనర్ని తిట్టుకున్నాను.
చిట్టినగర్ కొండ మీద అద్దె ఎందుకు తక్కువో
మోకాళ్ళనడిగితే చెబుతాయి.

ముందు నీళ్ళ సంగతి.
కుళాయి తెల్లారగట్ల నాలుగూ నలభైకి దగ్గుతుంది.
దగ్గిందంటే ఇంకో రెండు నిమిషాల్లో వస్తుందని.
అలారం పెట్టుకోకు, ఆ దగ్గుకే మెలకువొస్తుంది కొన్నాళ్ళకి.
మోటారు వేసి మాత్రం పక్కకెళ్ళకు.
నీళ్ళాగిపోయి గాలి లాగిందా, వైండింగ్ కాలుతుంది.
కాలితే పన్నెండొందలు,
పైగా చంటిపిల్లాడిలా దాన్ని చంకనేసుకుని కిందికి దిగాలి.

వాషింగ్ మెషీన్ కొంటావా? కొనుక్కో, వద్దనను.
ముందువైపు తలుపున్నది వద్దు.
షోరూం కుర్రాడు నురగ గురించి చెబుతాడు, చప్పుడు రాదంటాడు,
దాని కడుపులో సిమెంటు దిమ్మ ఉంటుందని చెప్పడు.
మోసేవాళ్ళు అరవయ్యో మెట్టు మీద దించి
అక్కణ్ణించి కొత్త బేరం మొదలెడతారు.
రెండు తొట్లది చాలు.
జాడించిన నీళ్ళు బకెట్లో పట్టుకుంటే బాత్రూంలో పనికొస్తాయి.
పాతకాలంది అని నవ్వేవాళ్ళ ఇంట్లో
కుళాయి ఎన్ని గంటలొస్తుందో ఒకసారి కనుక్కో.

ఫ్రిజ్ తలుపు సందులో పదిరూపాయల నోటు పెట్టి
మూసి, లాగి చూడు.
సుళువుగా జారొచ్చిందా, రబ్బరు పోయినట్టు.
పట్టుకుని వదలకపోతే
మెకానిక్ ఎన్ని చెప్పినా వినకు.
ఈ పరీక్ష చుట్టాల మీద కూడా చేశాన్లే.
ఫలితాలు నీకెందుకు.

బెజవాడ ఎండ నీకు కొత్త కాదు గానీ
ఈ కొండ ఎండ వేరు.
పగలంతా బండ తాగిన వేడిని రాత్రి పదింటికి కక్కుతుంది.
కూలర్ పెట్టి కిటికీ మూసేస్తారు చూడు, అదే పొరపాటు.
తడిగాలికి దారి లేకపోతే ఇల్లు ఇడ్లీ కుక్కరే.
ఏసీ అంటే మా ఆయనకి ప్రాణం, బిల్లంటే నాకు దడ.
ఇరవయ్యారు మీద పెట్టి ఫ్యాను తిప్పడం దగ్గర ఇద్దరం రాజీపడ్డాం,
మిగతా విషయాల్లో ఇంకా పడలేదు.
రాత్రి ఎనిమిదికి అందరూ ఏసీలేస్తారు, ఫ్యాను బద్ధకిస్తుంది,
అప్పుడు మిక్సీలో మినప్పప్పు వెయ్యకు.
గారెల మీద మనసైతే మధ్యాహ్నమే రుబ్బుకో.

మా చెల్లెలి కొడుకు ఓ గుండ్రటి డబ్బా తెచ్చిచ్చాడు,
మాట్లాడితే వింటుందట.
"లైటార్పవే" అంటే ఆ పేరుతో పాట దొరకలేదంది.
వినడం వింటుంది పాపం,
ఊఁ కొట్టదు.
ఊఁ కొట్టనిదానికి ఏం చెప్పుకుంటాం?
కందిపప్పు డబ్బా మూత వదులు, దాని మీద బరువుకి పెట్టాను.
పురుగు పట్టడం లేదు, అబద్ధమెందుకు.

ఇక ఈ బోర్డు.
మొదటిది ట్యూబ్‌లైటు, రెండోది ఫ్యాను.
మూడోది వేస్తే ఇంట్లో ఏదీ వెలగదు,
పాడైందనుకుని ఎలక్ట్రీషియన్ని పిలిచేవు.
అది కింద డెబ్బయ్యో మెట్టు దగ్గరి బల్బు.
మెట్టు అంచు విరిగింది అక్కడే, మలుపూ అక్కడే.
వన్‌టౌన్‌లో బట్టలకొట్టు కట్టేశాక నాగూర్‌బీ
పదిన్నరకి ఎక్కుతుంది,
ఖాళీ క్యారేజీ గిన్నెలు మోగుతుంటాయి.
ఆ మోత మన గుమ్మం దాటి పైకెళ్ళాక ఆర్పేయి.
తొమ్మిది వాట్లది, రోజుకి నాలుగ్గంటలు,
లెక్కేశాను, నెలకి యూనిట్ దాటి ఓ పిసరు.
పిచ్చేశ్వరరావుగారికి తెలీదు, చెప్పక్కర్లేదు.
నాగూర్‌బీకీ తెలీదనుకుంటా,
మున్సిపాలిటీ లైటనుకుంటోంది.
అనుకోనీ.

సామాన్లు దించేవాళ్ళు వచ్చినట్టున్నారు, గొంతులు వినబడుతున్నాయి.
ఇదిగో తాళంచెవి, కొంచెం పైకెత్తి తిప్పాలి.
అన్నట్టు గ్యాసు పైపు మార్చి ఐదేళ్ళు దాటింది,
మర్చేపోయాను చూశావా.
అన్నిటికంటే ముందు అది మార్పించు.