మూడో కోటు

ఎండలు ముదరకముందు ఇరిగేషన్ సారు పిలిచిండు.
చెరువు చుట్టూ పాతిన రాళ్లకు రంగెయ్యాలె.
రాయికి నలభై రూపాయలు, డబ్బా వాళ్లదే.
తెలుపు మీద ఎర్రంగ మూడక్షరాలు, కింద ఒక నంబరు.
ఇదేంది సారూ అంటే
"నిండితే ఇక్కడిదాంక నీళ్లే" అన్నడు.
ట్యాబ్‌ల నీలిరంగు మడుగును వేళ్లతోటి సాగదీసి చూపెట్టిండు.
పాలమూరంత ఆయన బొటనవేలి కింద పట్టింది.

అరవై మూడు రాళ్లు.
ముప్పై ఒకటోది ఎవరిదో ప్రహరీ లోపల, జామచెట్టు మొదట్ల.
నలభై నాలుగోదాని మీద బట్టలు ఉతుకుతున్నరు,
సబ్బు ఆరేదాంక నిలబడ్డ.
యాభయ్యోది లేదు.
అది ఉండవలసిన కాడ
లేక్ వ్యూ కాలనీ కమాను ఉన్నది.
ఆ కమానుకు రంగేసింది గూడ నేనే, అంతకు ముందటేడు.

నీరటి బుచ్చన్నకు ట్యాబ్ లేదు.
మత్తడి మీద కూసోని బీడీ ఆరిపోతే మళ్ల ముట్టిచ్చుకుంట
"కప్పలు ఏడిదాంక అరుస్తయో ఆడిదాంక దానిదే" అంటడు.
ఆ మాట ఏ ఆఫీసుల రాసుకుంటరు?

భాద్రపదంల మూడు రాత్రులు వాన.
చెరువు యాభయ్యో రాయిని ఎతుక్కుంట వచ్చింది,
కమాను కిందికెల్లి, మనుషులు వచ్చినట్టే.

నీళ్లు తీసినంక ప్రతి గోడ మీద ఒక గీత.
చాయ్ రంగు గీత, ఇంటింటికీ ఒకే మట్టం.
ఏ మేస్త్రి దారం పట్టినా అంత సాపుగ రాదు.

ఇన్సూరెన్సాయన టేపు కొస నా చేతికిచ్చిండు.
జహీరాబీ గోడ మీద మూడడుగుల ఏడంగుళాలు.
ఆయన గోడను నమ్మలె, పటం తీసిండు.
పటంల గీత ఆమె ఇంటి నడుమకెల్లి పోతది:
అర్ర ఒడ్డు మీద,
వంటిల్లు చెరువుల.
"ముంపు లేదని రాసి సంతకం పెట్టిన్రు గదమ్మా."
"మిషను లోను ఇచ్చినప్పుడు బ్యాంకోల్లు కట్టిచ్చిన పాలసీ సారూ.
వేలు పెట్టి చూపెట్టిన జాగల పెట్టిన."
మిషను ఏడుండె అని అడిగిండు.
కిటికీ వెలుతురుకు వంటింట్ల పెట్టుకున్న అన్నది.
వంటిల్లు, అని రాసుకున్నడు.

దీపావళి ముంగట నాకు ఒకటే పని.
పటం సంగతి బయటపడి ప్లాట్ల రేటు దిగింది.
అమ్మేటోల్లు, కిరాయికిచ్చేటోల్లు, అందరిదీ ఒకటే మాట:
రంగు ఏదన్న గాని, గీత కనపడొద్దు.
పుట్టీ పెట్టిన, ప్రైమర్ కొట్టిన,
రెండు కోట్లు వేసిన.
"రెండు కోట్ల ఇల్లు గావాలె ఇగ" అని ఒకాయన నవ్విండు గూడ.
వారం తిరగకముందే గోడ చెమర్చింది,
ఉతికిన చీరె మీద కూర మరక లెక్క
గీత మెల్లగ మళ్ల తేలింది.
మూడో కోటుకు పైసలు వేరే అన్న. ఇచ్చిన్రు.

రాళ్లకు రంగేసిన బ్రషే అది.
కిరోసిన్ల నానబెట్టి, దులిపి, దాసుకున్న బ్రషే.

జహీరాబీ ఒక్కతే వేరే తీరు చెప్పింది.
"గీత జోలికి పోకు. దానికి జానెడు పైన ఒక చెక్క కొట్టియ్యి.
వానకాలం రాత్రిళ్లు
మిషను తలకాయ ఇప్పి దాని మీద పెట్టుకుంట."

కొట్టిచ్చిన.
ఆమె కాడ కూలి తీసుకోలె అంటే అబద్ధం.
అర్రకు తీసుకున్న.
వంటింటికి తీసుకోలె.