అంచనా బిల్లు

బెనిన్ సిటీ ఎర్రమట్టి వీధుల్లో
కరెంటు బిల్లులు పంచుతాను.
మీటరు లేని ఇంట్లో ఎంత కాలిందో
నాకూ తెలీదు, వాళ్ళకూ తెలీదు, పైవాళ్ళకూ తెలీదు.
కాగితం మీద అంకె మాత్రం
కోబోలతో సహా పడుతుంది.

చేపలమ్మే ఎసోహె
ఫ్రీజరు మూత ఎత్తి చూపించింది.
మంచు లేదు.
నీళ్ళలో టైటస్ చేపలు, కళ్ళు తేలేసి.
"ఈ నెల కరెంటు ఎవరు తిన్నారో వీటినడుగు."

ట్రైనింగులో చెప్పింది అప్పజెప్పాను:
ధర ఖర్చును అందుకుంటే పెట్టుబడి వస్తుంది,
పెట్టుబడి వస్తే వెలుగొస్తుంది.
"అందాకా?" అంది.

మేం ప్లాంటుకు బాకీ,
ప్లాంటు గ్యాసుకు బాకీ,
మాకు బారక్స్ బాకీ.
మొన్న అక్కడి సెంట్రీ బిల్లు తీసుకుని
తుపాకీ తుడవడానికి బాగుందన్నాడు.
నిచ్చెన వేసేది మాత్రం
ఎసోహె గోడకే.

పోయినేడు ట్రాన్స్‌ఫార్మరు పేలితే
వీధంతా చందాలేసుకుంది.
వెల్డర్ అమాదిన్ నాలుగు నెలల సంపాదన,
చర్చి పళ్ళెంలో చిల్లర,
ఒక ముసలాయన అంత్యక్రియలు వాయిదా.
కొత్తది దిగిన రోజే
మావాళ్ళు దానిమీద కంపెనీ పేరు రాయించారు.
రంగు ఖర్చు కంపెనీదే, అబద్ధమెందుకు.

మురుక్కాలువ అవతల 'ఎ' వీధి:
మూడింతల ధర, రోజుకి ఇరవై గంటలు.
ఇవతల 'డి'.
ఇవతలి ఫోన్లన్నీ బుట్టలో పెట్టుకుని
కాలువ దాటించి ఛార్జింగ్ చేసుకొస్తాడు
పన్నెండేళ్ళ ఇయామూ.
ఫోనుకింతని. వర్షమొస్తే ఇంకొంచెం.
నేను కళ్ళారా చూసిన విద్యుత్ మార్కెట్టు
అదొక్కటే.

నిన్న సాయంత్రం లిస్టులో ఎసోహె పేరు.
నిచ్చెన ఎక్కాను.
కింద ఆమే పట్టుకుంది,
పడి చస్తే అది కూడా
బిల్లులో వేస్తారని.

అప్పుడొచ్చింది కరెంటు.
"అప్ నెపా!" అని వీధి వీధంతా కేక.
నెపా పోయి ఎన్నాళ్ళో అయింది.
ఆ పేరు తుడిచి ఇంకో పేరు పెట్టారు,
దాన్నీ ముక్కలుగా కోసి అమ్మేశారు.
ఆ తర్వాత పుట్టిన పిల్లలు వీళ్ళు,
దాని పేరే అరుస్తారు.
నిచ్చెన మీద నేనూ అరిచాను.

లోపల ఫ్రీజరు దగ్గింది,
గురక అందుకుంది.
చేతిలో ప్లయరు అలాగే ఉంది.

మూడు నిమిషాలు.
మళ్ళీ చీకటి.

ఎసోహె కిందనుంచి అడిగింది:
"కోసేశావా?"

లేదమ్మా.
నేనింకా
వైరు ముట్టుకోనే లేదు.