మూడో షిఫ్టు

మిల్లుకి తాళం పడి మూడో నెల.
ఎల్లుండి దీపాలి.
టపాకాయలు కొనమని అడగలేదు మా గౌరేసు.
అడగనందుకే నాకు కోపమొచ్చినాది,
గిన్నెలు గట్టిగా తోమినాను.
ఆ మోత విన్నాడు కాబోలు,
ఆడి కళ్ళు నా గిన్నెల మీద పడ్డాయి.

సాయంత్రానికి వంటిల్లు సగం ఖాళీ.
ఏడాదికని దాచుకున్న చింతపిక్కలు
పాలపిండి డబ్బాలోకి ఎలిపోయినాయి.
పక్కింటి ఢిల్లేశ్వరి సోడామూతలేరుకొచ్చి
గుమ్మం మీద రాయెట్టి చదును కొట్టి
మేకుతో బెజ్జాలేసి
విరిగిన గొడుగు ఊచకి గుచ్చింది.
డాల్డా డబ్బా అడుక్కి కన్నం,
కన్నంలోంచి గోగునార పురికొస,
పురికొసకి కొవ్వొత్తి రాసి బిగించి లాగితే
గుడ్డు దిగని కోడిలాగ ఏడిచినాది.
బొప్పాయి కాడ బూర మాత్రం
తుమ్మబోయి ఆగిపోయినట్టే పలికినాది, ఎంతూదినా.

"అమ్మా, కుక్కరు ఈలియ్యి."
ఇవ్వనన్నాను.
పప్పుడికిందో లేదో నాకెవరు సెప్తారు?
"పప్పుంటే కదా" అన్నాడు.
ఇచ్చేసినాను.

గోల పడలేక ఎవరి గుమ్మం దగ్గర ఆళ్ళు తరిమేస్తే
దాలినాయుడి అరుగు మీద చేరినారు గుంటలు.
మగ్గాల ఖాతాలో ముప్పయ్యేళ్ళు చేసి
చెవులు రెండూ అక్కడే వదిలొచ్చిన మనిషి.
డబ్బా ఆడిస్తుంటే అరచెయ్యి ఆనించి చూసినాడు.
"పిక్కలెక్కువైపోనాయి రా,
సగం తీసెయ్యండి. ఖాళీ ఉంటేనే మోగుద్ది."
ఆ లెక్కన మా లైను మొత్తం మోగాల.

తరవాత ఆయనే అడిగినాడు,
కుళాయి పైపు ముక్కొకటి,
నూనె సీసా మెడ, కత్తిరించింది,
పెళ్ళి పందిట్లో మిగిలిన బుడగ.
సీసా మూతికి బుడగ తోలు తొడిగి
తోలుకి ఆనేదాకా పైపు దూర్చి
పక్కన బెజ్జం పెట్టి, సైకిలు ట్యూబు చుట్టి...
వేళ్ళు నారు అతికినట్టే అతుకుతున్నాయి.
నోట్లో పెట్టుకుని, ఊదకుండా
మళ్ళీ బొడ్లో దోపుకున్నాడు.

దీపాలి రాత్రి.
బంగళాల వైపు ఆకాశం ఎర్రగా పగులుతుంటే
ఇటు మా లైనులో పళ్ళేలు, అట్లకాడలు, డబ్బాలు,
బొప్పాయి కాడతో సహా.
కుక్కలు చంపావతి ఒడ్డుకి పారిపోయినాయి.
నాను కూడా మూత మీద గరిటెతో కొట్టినాను,
ఎవరి మీద కొట్టినానో సెప్పను.

అప్పుడు దాలినాయుడు లేచి ఊదినాడు.

బొంగురుగా మొదలై
పైకి లేచి, లేచి, అక్కడే నిలబడిపోయినాది
మిల్లు కూత.

డబ్బాలు ఆగిపోయినాయి.
తలుపులు తెరుచుకున్నాయి.
తవుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి
చేతిలో ఖాళీ క్యారేజీ చూసుకుని
దాన్నెక్కడ పెట్టాలో తెలీక నిలబడ్డాడు.
ఎర్రప్పడు సైకిలు స్టాండు తన్నేసినాడు.
నానేటి చేస్తున్నానో చూసుకుంటే
పొయ్యి ముట్టించి
ఎసట్లో పోయడానికి బియ్యం కొలుస్తున్నాను,
రాత్రి షిఫ్టు వాళ్ళ కొలత, రెండు గిద్దలెక్కువ.

ఒక్కరూ నవ్వలేదు.
"అదేటి, ఏటైనాది?" అని ఢిల్లేశ్వరి అడిగితే
ఆళ్ళమ్మ దాని తల మీద చెయ్యేసి ఊరుకుంది.

దాలినాయుడు రెండో కూత ఊదినాడు.
ఆయనకి వినబడదు,
గొంతు మీద వేళ్ళు పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"తాతా, మూడోది, మూడోది!" అని
మా గౌరేసు చొక్కా పట్టి లాగినాడు.
ఆ మాట పెదాల మీద చదివినాడు ముసలాడు.
బూర పైపు తీసి, తుడిచి, ఆడి చేతిలో పెట్టి అన్నాడు,

"మూడోది గేటేసేసే కూతరా.
అది నేనూదను."