రెండో కొవ్వొత్తి

డిసెంబరు ఆరు.
యార్డు గేటుకి తాళం.
కాగితం మీద ఒకే ఒక్క పొడుగాటి మాట రాసి అంటించారు,
చదవడం రాక ఫోటో తీసుకున్నాను.
ఐస్‌బ్రేకర్ పంపు సీళ్లు నాతోపాటే పెట్టెలో ఉన్నాయి,
సంతకం పెట్టాల్సిన మనిషి
ఏ ఊళ్లో, ఎవరి వాకిట్లో మంచు ఊడుస్తున్నాడో.

ఒక దేశం పుట్టినరోజంటే
ఫిరంగులో, బూట్ల చప్పుడో,
పోనీ, ఒక మైకు సెట్టైనా ఉంటుందనుకున్నాను.
హెల్సింకీలో మధ్యాహ్నం మూడుంబావుకే
పొద్దు దుప్పటి కప్పుకుంది.
రొట్టెల కొట్టు మూసేశారు.
ట్రాము మాత్రం రెండు బుల్లి జెండాలు నెత్తిన పెట్టుకుని
ఖాళీగా, బుద్ధిగా
తన దారిన తాను పోతోంది.

గది అద్దెకిచ్చిన ఇర్మెలికి ఎనభై రెండు.
ఆవిడకి ఇంగ్లీషు కొంచెం, నాకు ఫిన్నిష్ సున్నా.
మాటలన్నీ కాఫీ మీదే నడుస్తాయి:
ఆవిడ పోస్తుంది, నేను చాలంటాను,
ఆవిడ ఇంకా పోస్తుంది.

పొద్దున శ్మశానానికి తోడు వెళ్లాను.
వాళ్ల నాన్న సమాధి సరిహద్దుకి అవతల ఉండిపోయిందట.
గీత జరిగింది, ఆయన జరగలేదు.
అలా అవతల మిగిలిపోయిన వాళ్లందరికీ కలిపి ఇక్కడ ఒకటే రాయి,
దాని పాదాల దగ్గర వందల దీపాలు
మంచులో ఎవరి గుంట వాళ్లు కరిగించుకుంటూ.
తన దీపానికి ఆవిడ చోటు వెతికిన తీరు
కిక్కిరిసిన బస్సులో సీటు వెతికినట్టుంది.
ఏడవలేదు.
ముక్కు తుడుచుకుంది, చలికి.

సాయంత్రం కిటికీ గట్టు మీద
నీలంది ఒకటి, తెల్లది ఒకటి.
ఆరింటికి వెలిగించాలి, ఎనిమిదింటికి ఆర్పాలి.
ఎందుకని అడిగితే
గాల్లో వేలితో ఇల్లు గీసి,
ఆ ఇంటి తలుపు తీసి,
లోపలికి చూపించింది.
"దాక్కోవాల్సిన కుర్రాళ్లకి గుర్తు. ఇక్కడ చోటుందని.
మా అమ్మ చెప్పేది. నిజమో కాదో."

ఇక టీవీలో కరచాలనాలు.
అధ్యక్ష భవనంలో వరస కట్టిన జనం
ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి పోతారు.
అంతే. గంటలకొద్దీ అంతే.
ఇర్మెలి గౌన్లకి మార్కులు వేస్తోంది.
ఆకుపచ్చదానికి నాలుగు. "కర్టెన్," అని తీర్పు.

అప్పుడు కనపడింది ఆవిడకి,
ఎదురింటి మూడో అంతస్తులో
ఒకటే కొవ్వొత్తి.
కూరలో ఉప్పు మరిచిపోయినప్పటి చిరాకు మొహంలో.
సొరుగు లాగి, నీలం కొవ్వొత్తి తీసి నా చేతిలో పెట్టి
నా కోటు వైపు చూసింది.

పరాయి దేశపు పండగలో లోటు పూడ్చడానికి
మెట్లు దిగాను,
పంపు సీళ్లవాణ్ని.

తలుపు తీసినవాడికి తొమ్మిదేళ్లుంటాయి. పేరు లిబాన్.
నాన్న ట్రాము నడుపుతున్నాడు, ఇవాళ రెట్టింపు జీతం.
అమ్మ పడుకుంది, రాత్రికి ఆసుపత్రి డ్యూటీ.
వాడి ఇంగ్లీషు నాకన్నా నయం.
"రెండోది ఉంది," అన్నాడు, కాస్త నొచ్చుకుని.
"వచ్చే ఏడాదికి దాచా.
ఒకటి వెలిగితే కనపడదా ఏంటి?"
నాకు తెలిసిన మూడు భాషల్లోనూ జవాబు లేదు.
తెచ్చింది ఇచ్చాను.
వాడు వత్తి పరీక్షించి,
"అప్పుగా తీసుకున్నానని చెప్పండి," అన్నాడు.

రోడ్డు దాటుతూ తలెత్తాను.
వీధి పొడవునా కిటికీలు జంటలు జంటలుగా.
నేనుండే గదిదొక్కటే చీకటి.
లైటు ఆర్పి వచ్చాను మరి,
బిల్లు నాది కాకపోయినా అలవాటు.

ఎనిమిదైంది.
ఇర్మెలి కుర్చీలోనే కునుకు తీస్తోంది.
తెర మీద ఎవరో ఎవరికో ఇంకా చెయ్యి కలుపుతున్నారు.
ఆర్పుదామని వంగాను.
ఎదుటి కిటికీలోంచి లిబాన్
అరచెయ్యి అడ్డం పెట్టాడు: ఆగండి.

వీధి చివర, మంచు మలుపులో,
నెత్తిన రెండు జెండాలతో ట్రాము తిరుగుతోంది.

ఊదబోయిన గాలిని
బుగ్గల్లోనే పట్టుకుని నిలబడ్డాను.