ఖాళీ బ్రాకెట్లు

మిర్చి యార్డు గేటుకి ఎదురు సందు.
కమీషన్ కొట్టు మీద గది.
ఫ్యాను వేస్తే కారం, ఆపితే ఉక్క.
కీబోర్డు మీది ఎర్రపొర చొక్కా అంచుతో తుడిచి
పొద్దుటినుంచీ ఒకే తప్పు దగ్గర కూచున్నాను.

కాటా కంట్రోలర్లో అన్నీ ఉన్నాయి.
నలభయ్యొక్క టిక్కీలు, సున్నా నుంచి నలభై దాకా వరసగా.
తేజ పదహారు, బాడిగ ఇరవై, తాలు అయిదు.
ఒక్కోదాని కడుపులో రైతు పేరు, తూకం, తేమ, ధర.
నా కళ్లముందు కట్టిన వరస అది.
బిల్లు కంట్రోలర్ గడప దాటిందో లేదో
రెండు బ్రాకెట్లు,
మధ్యలో గాలి.

రీడైరెక్ట్ అంటే మరేం లేదు,
"ఇక్కడ కాదు, ఆ కిటికీ దగ్గరికి పో" అనడమే.
బ్రౌజరు పోయింది పాపం, చెప్పినట్టే పోయింది,
చేతులూపుకుంటూ.
ఆ కిటికీలో వాడు తలెత్తి
ఎవరు నువ్వు అన్నాడు.
ఆ మాట అనే హక్కు వాడికుంది. ఇంతకు ముందెప్పుడూ చూళ్లేదు.

అడ్రసు వెనకాలే మొత్తం కట్టి పంపాను.
స్క్రీను చివర దాటి, గూడ్సుబండిలా, ఎంతకీ తెగదు.
గుమాస్తా కోటినాగులు కళ్లజోడు పైకి నెట్టి
వేలితో బోగీలు లెక్కపెడుతూ ఒకచోట ఆగాడు:
"ధర ఇక్కడే కనిపిస్తోందే.
దీని పక్కన నేనో సున్నా తగిలిస్తే?"
ఊరికే అడిగాడు.
అయినా తీసేశాను.

తర్వాత ఫ్లాష్. సెషన్లో పెట్టి పంపితే
అవతల తెరిచేసరికి నలభయ్యొక్కటీ దిగాయి,
ఒక్క గింజ రాలకుండా.
కోటినాగులు మురిసిపోయి, ఇంకోసారి చూద్దామని
రిఫ్రెష్ నొక్కాడు.
ఒక్క చూపుకే ఆయుష్షున్న సరుకు అని
ముందే చెప్పాల్సింది నేను.
"ఇప్పుడే ఉందిగా" అంటూ
స్క్రీను వెనక్కి వంగి చూశాడు.

అప్పుడు పైకొచ్చాడు ఏసోబు,
తలపాగా విప్పి మెడ తుడుచుకుంటూ, మంచినీళ్ల కోసం.
ముప్పై ఏళ్లుగా యార్డులో వీపు.
ఏంది బాబూ ఆ మొహం అంటే చెప్పాను, తోచిన భాషలో:
ఈ గదిలో సరుకు ఆ గదికి చేరట్లేదు.
చెంబు ఎత్తిపట్టి గటగటా తాగి
"సరుకెందుకు పంపుతున్నావు?" అన్నాడు.
"కాటా కాడ తూస్తాం, కోల్డ్ స్టోరేజీలో దించుతాం.
బిల్లుకాడికి టిక్కీలు మోసుకుపోతామా యాడైనా?
చీటీ పోద్ది. చీటీ మీద నెంబరు.
ఆ నెంబరు చూసి వాళ్లే తీసుకుంటారు."

ఇది నాకు తెలీదా. తెలుసు.
కాలేజీలో ఎవరో చెప్పే ఉంటారు,
సరుకు డేటాబేసులో, దారిలో ఐడీ మాత్రమే అని.
కానీ చెప్పినవాడి భుజం మీద
సంచి ఒరిసిన కాయ లేదు.

పది వరసలు చెరిపి మూడు రాశాను.
4172. అంతే.
ఎన్నిసార్లు రిఫ్రెష్ నొక్కినా నలభయ్యొక్కటీ
కిటికీ అవతల కుదురుగా కూచున్నాయి.

ఏసోబు ఇంకా నిలబడే ఉన్నాడు.
"ఇందులో నేనెక్కడున్నాను?"
చూపించాను: ఆఖరి కీ, హమాలీ,
దాని ఎదురుగా ఓ అంకె.
"అంకేనా" అన్నాడు. నవ్వాడో, దగ్గాడో,
ఈ గదిలో తేడా తెలీదు.
కింద లారీ హారన్ కొట్టింది. దిగిపోయాడు.

నేను కళ్లు నులుముకున్నాను,
ఆ కీబోర్డు మీది వేళ్లతోనే.
కోటినాగులు బిల్లు ప్రింటు తీసుకుని వచ్చి
నా వైపు చూసి
ఎందుకో ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.