ఇంటిపేరు

కావలి, ట్రంకురోడ్డు వెనక వీధి.
ముందుగదిలో నాది: పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు,
ఎవరో వేసిచ్చిన దొంగ విండోస్.
వంటింటి పక్కన తనది, లైనక్స్.
బళ్ళో పిల్లలకు నేర్పేది అదే.

గోడకు బెజ్జం కొట్టి నీలం వైరు దూర్చాం.
లైటు పచ్చగా కొట్టుకుంటానే ఉంది,
పిలిస్తే మాత్రం పలుకు లేదు.
తీరా చూస్తే తలుపేసుకుని కూర్చుంది
నా వైపు ఫైర్‌వాలే.

రెండింటికీ వర్క్‌గ్రూప్ పేరు ఒకటే ఉండాలన్నా.
"ఇంటిపేరా? ఎవురిది?" అంది,
పెళ్ళయి పదకొండేళ్ళయినా
చేవూరి పెంచలమ్మ అనే సంతకం పెట్టే మనిషి.

నా వేళ్ళు కీబోర్డు మీదే ఆగినాయి.
పొయ్యి మీద బొమ్మిడాయిలు, మామిడికాయ ముక్కలు
కుతకుతమంటున్నాయి.
"పులుసు" అని కొట్టింది.
నేనూ కొట్టా.

నాలుగు పింగులకు నాలుగు జవాబులు.
తన ఫోల్డరు నా తెరమీద తెరుచుకుంది:
ఏడో తరగతి మార్కులు, పాల లెక్క,
"రాసుకున్నవి".

చదవొచ్చు, దిద్దడానికి లేదు. అట్లా పెట్టింది.
నేనేమో ప్రూఫులు దిద్ది బతికేవాణ్ణి.

రెండో పంక్తిలో ఒక వత్తు తప్పుంది.
అన్నం చల్లారిందాకా
దాన్నే చూస్తా కూర్చున్నా.