పిలిస్తే పలకండి

ఎగ్మూరు కంటాసుపత్రిలో, మంగళవారం,
"పెరుందేవీ" అని నర్సు కేకేసింది.
ఇద్దరం లేచాం.

నేనూ,
వెనక బెంచీలోంచి ఇంకో ముసలామె,
కొప్పులో నిన్నటి మల్లెపూలు.
ఒక్క చీటీకి రెండు చేతులు.
చుక్కలు వేసి అప్పటికి అరగంట,
చీటీ మీద ఎవరి వయసుందో
ఇద్దరికీ ఆనదు.

"ఇనిషియల్?" అంది నర్సు.
ఈ ఊళ్లో ఇంటిపేరు ఎవరూ అడగరు.
నాన్నలోంచి ఒక్క అక్షరం తుంచి
ముందు పెట్టుకుంటే చాలు.
"సి" అన్నాను. చెంగల్రాయుడు.
"ఈ" అందామె. ఏకాంబరం.
చీటీ ఆమెది.
నన్ను కూచోమన్నారు.

నిజానికి నేను పెరుందేవిని కాను,
పేరిందేవిని.
పెరుందేవి కంచిలో ఉంటుంది, వరదుడి ఇల్లాలు.
అక్కణ్ణించి తండయారుపేట చేరేలోపు
మావాళ్ల నాలిక మీద
ఎత్వానికి దీర్ఘం వచ్చింది,
కొమ్ము రాలిపోయి గుడి వచ్చింది.
"అమ్మవారికి గుడి ఉండొద్దుటే" అనేవాడు నాన్న,
తంగసాల వీధి అచ్చాపీసులో కంపోజిటరు.
నా బారసాలనాడు
నాలుగు సీసం అక్షరాలు తిరగేసి పేర్చి
దారంతో బిగించి తెచ్చాడట.
అద్దం ముందు పట్టుకుంటే తప్ప
నేనెవరో మా అమ్మకి తెలిసేది కాదు.

బళ్లో,
"నీ పేరేంటి?"
"పేరిందేవి."
"పేరు సరే, ఏ దేవివి?"
ఏడుస్తూ ఇంటికొస్తే
ఎంగిలి చెయ్యి ఆరిపోతున్నా లేవకుండా చెప్పాడు:
అరవంలో పెరుం అంటే పెద్ద.
మనకీ ఉండేదే ఆ మాట,
పేరోలగం అంటే పెద్ద కొలువు కదూ.
తర్వాత దాన్నే పెను అనుకుని
గాలికి పెట్టుకున్నాం, పెనుగాలి,
దయ్యానికి పెట్టుకున్నాం, పెనుభూతం.
అమ్మవారి దాకా వచ్చేసరికి మిగల్లేదు.
నీ దగ్గర ఒక్కటుంది, పారేసుకోకు.

తొమ్మిదేళ్లదాన్ని, నాకేం తెలుసు.
పెద్ద అన్న ముక్క ఒక్కటి పట్టుకుని
మర్నాడు విశాలం రిబ్బను ఊడలాగాను.

అప్పట్లో మా వీధిలోనే ముగ్గురం:
నేనూ, సున్నం కొట్టు నాయుడుగారి కోడలూ,
పాలవాళ్ల తువ్వాయీ.
తువ్వాయిని పిలిచినప్పుడే
గొంతులో ముద్దెక్కువ.

ఇప్పుడు మనవరాలు పురిటికొచ్చి
ఫోనులో పేర్లు వెతుకుతోంది.
ప్రతి పేరు పక్కనా నక్షత్రాలు,
ఈ ఏడు ఎందరు పెట్టుకున్నారో లెక్క.
సరదాకి నాది కొట్టి చూసింది.
ఫలితాలు లేవు.
పెర్ల్ అనబోయారా? అని అడిగిందట ఫోను.
అది పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.
"పెట్టన్లే అమ్మమ్మా, భయపడకు" అంది.
భయం ఎవరిదో
ఆ రాత్రంతా ఆలోచించాను.

ఏకాంబరంగారి అమ్మాయి లోపల్నించి వచ్చి
తడుముకుంటూ నా పక్కనే కూలబడింది.
వాలాజాబాదు వాళ్లట.
పుట్టినప్పుడు పాప్పా, పెళ్లయ్యాక అణ్ణి,
తర్వాత అమ్మ, అత్త, పాట్టి.
రేషను కొట్టుకీ ఆసుపత్రికీ తప్ప
ఆ పేరు ఎవరికీ పనికిరాలేదు
అంది అరవంలో.
నాదీ అంతేనమ్మా
అన్నాను తెలుగులో.
వినడానికి కళ్లెందుకు.

మళ్లీ చుక్కలు వేశారు.
కిటికీ నానబెట్టిన బియ్యంలా తెల్లగా ఉబ్బింది.
ఆమె లేచి, సంచీ నా ఒళ్లో పెట్టి,
టీ తెస్తాను, మందులకి మళ్లీ పిలుస్తారు,
పిలిస్తే మీరు పలకండి
అని గోడ పట్టుకుని వెళ్లింది.

చక్కెర వద్దని చెప్పడం మరిచాను.
ఈ అన్నా, సి అన్నా,
ఏ అక్షరమూ అనకపోయినా
లేవాల్సింది నేనే.
కాళ్లు చెప్పుల్లో పెట్టుకుని కూచున్నాను.